థాంక్స్ చెప్పి, స్నేహం అడిగిన మనిషి: డోర్నకల్ అజరయ్య కథ

అలంపురం జోగులాంబ వీడియో చూసి షేర్ చేసినవాళ్ళందరికీ ముందుగా బోలెడు థాంక్స్. నడిగడ్డ సిరీస్ షూటింగ్ కోసం మన టీమ్ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు ఊళ్ళూ తిరిగింది. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి, వనపర్తి రాజావారి ప్యాలెస్, నల్లమల వైపు సలేశ్వరం దారి, అన్నీ వీడియోల్లో వస్తాయి. ఈ పోస్ట్ మాత్రం వీడియోలో పట్టని ఒక విషయం గురించి.

ఆ మూడు ఊళ్ళలోనూ గోడల మీద, ఫంక్షన్ హాళ్ళ ముందు నాకు ఒక మాట పదే పదే కనిపించింది. కృతజ్ఞత కూడిక. మీలో క్రిస్టియన్ ఫ్రెండ్స్ ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు నయమైతే, కొత్త ఇల్లు కట్టుకుంటే, పిల్లకి ఉద్యోగం వస్తే సంఘంలో వాళ్ళందరినీ పిలుస్తారు. పాస్టర్‌గారు ప్రార్థన చేస్తారు. ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడి, ఏం జరిగిందో, ఎవరెవరు సాయం చేశారో అందరి ముందూ చెబుతారు. తర్వాత భోజనాలు. మనకి మొక్కు తీర్చుకోవడం ఉన్నట్టే వాళ్ళకి ఇది. కురుమూర్తి కొండకి నడిచి వెళ్ళి మొక్కు చెల్లించుకున్నవాళ్ళకి దీని వెనకున్న భావం కొత్తగా ఏం అనిపించదు. కాకపోతే ఇక్కడ నోరు తెరిచి, పేర్లు పెట్టి చెప్పడం ముఖ్యం. మనసులో అనుకుంటే సరిపోదు.

ఈ ప్రాంతంలో ఆ సంఘాలకి నూరేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. అమెరికా నుంచి వచ్చిన మెనొనైట్ బ్రెదరన్ అనే చిన్న క్రైస్తవ శాఖ 20వ శతాబ్దం మొదట్లో నాగర్‌కర్నూల్‌లో, ఆ తర్వాత వనపర్తిలో మిషన్ పెట్టింది. 1937లో గద్వాల పని కూడా వాళ్ళ చేతికే వచ్చింది. స్కూళ్ళు, ఆస్పత్రులు, బైబిలు పాఠశాల అన్నీ నడిపారు. వాళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళ పిల్లలు, మనవలు ఈరోజు హైదరాబాద్‌లో మన పక్క క్యూబికల్స్‌లో పనిచేస్తున్నారు.

సరే, సాయం పొందినవాళ్ళు థాంక్స్ చెప్పడం మామూలే కదా, ఇందులో పోస్ట్ రాసేంత ఏముంది అంటారా? ఉంది. ఇచ్చేవాడు తెల్లదొర, పుచ్చుకునేవాడు ఊరి చివర గుడిసెలో ఉండే కూలీ అయినప్పుడు, ఆ థాంక్స్ ఎలాంటి థాంక్స్ అవుతుంది? నిజంగా మనసులోంచి వచ్చిందా, లేక తల వంచుకుని చెప్పాల్సి వచ్చిందా? ఈ ప్రశ్నని తెల్లదొరల ముందే నిలబడి అడిగిన మనిషి ఒకాయన ఉన్నారు. బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఈ మూడు ఊళ్ళ మనిషి కాదు. అసలు పుట్టుకతో తెలుగువాడే కాదు. కానీ జీవితంలో సగం తెలుగు పల్లెల్లోనే గడిపి, తెలుగు నేలలోనే కలిసిపోయారు.

భక్తి ఛానెల్లో బిషప్ గురించి ఏంటని కొందరికి అనిపించొచ్చు. ఆయన నమ్మకం మన నమ్మకం కాదు. ఆయన చేసిన పనుల్లో నాకు ఒప్పుకోబుద్ధి కానివీ ఉన్నాయి, అవీ కింద రాస్తాను. కానీ కృతజ్ఞత అనే గుణం ఏ మతం పేటెంటూ కాదు. రామాయణం మొదట్లోనే వాల్మీకి నారదుణ్ణి అడిగే గుణాల లిస్టులో కృతజ్ఞుడు అనే మాట ఉంది. అంత మంచివాడు ఈ లోకంలో ఎవరున్నారు అని అడిగితే వచ్చిన సమాధానమే రాముడు. కాబట్టి ఆ గుణం ఎక్కడ కనిపించినా చూడ్డం మనకి అలవాటే.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం హిందూ కుటుంబంలో పుట్టి, మిషన్ స్కూల్లో చదువుతూ క్రైస్తవుడై, తర్వాత పల్లెటూరి గురువు అయ్యారు. వాళ్ళది అప్పట్లో శానార్లు అని పిలిచిన, ఇప్పుడు నాడార్లు అంటున్న కులం. గుడిలోకి రానివ్వలేదని, ఆడవాళ్ళు పైబట్ట వేసుకోకూడదని ఆ రోజుల్లో దక్షిణాన ఆ కులంవాళ్ళు పడిన అవమానాలు చరిత్రలో ఉన్నాయి. అలాంటి కుటుంబానికి మిషన్ స్కూలు ఎంత పెద్ద దారి తెరిచిందో ఊహించండి. అంటే అజరయ్యకి మిషనరీల మీద కృతజ్ఞత పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు, ఇంట్లోనే ఉంది.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు. చివర్లో జబ్బు పడి పరీక్ష పోయింది, డిగ్రీ చేతికి రాలేదు. 1895లో, ఇరవై ఒక్కేళ్ళకే వైఎంసీఏలో సెక్రటరీగా చేరారు. దక్షిణ భారతమంతా రైళ్ళలో తిరగడం, కాలేజీ కుర్రాళ్ళని కలవడం, మీటింగులు పెట్టడం ఆ ఉద్యోగం. అక్కడే అమెరికా నుంచి వచ్చిన షేర్‌వుడ్ ఎడ్డీ అనే తన ఈడువాడితో స్నేహం కలిసింది. కలిసి ప్రయాణాలు, కలిసి ప్రార్థనలు. ఒక తెల్లవాడు పక్కన కూర్చుని తినడం, వాదించడం, నవ్వడం ఎలా ఉంటుందో అజరయ్యకి ఎడ్డీ వల్ల తెలిసింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ని పెళ్ళి చేసుకున్నారు. కాలేజీ దాకా చదివిన తొలి తరం దక్షిణాది క్రైస్తవ ఆడపిల్లల్లో ఆవిడ ఒకరు.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తమ మనుషుల్ని బయటి ప్రాంతాలకి సేవకి పంపుతున్నారు. చిన్న సంఘం, పెద్దగా డబ్బున్నవాళ్ళు కాదు. అది చూసి అజరయ్యకి సిగ్గేసింది. తిరునెల్వేలి క్రైస్తవులు అప్పటికే తరాలుగా ఇంగ్లండ్ నుంచి వచ్చిన సాయం అందుకుంటున్నారు. స్కూళ్ళు వాళ్ళవి, జీతాలు వాళ్ళవి, చర్చి బిల్డింగులూ వాళ్ళవే. థాంక్స్ మాత్రం వీళ్ళది. ఎన్నాళ్ళు?

మరుసటి ఏడాదే, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. డబ్బూ మనదే, మనుషులూ మనవాళ్ళే, మేనేజ్‌మెంటూ మనదే అన్నది ఆ ఆలోచన. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో ఇదే పద్ధతిలో దేశం మొత్తానికి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టినప్పుడు కూడా అజరయ్య ముందున్నారు. అది బెంగాల్ విభజన జరిగిన సంవత్సరం, స్వదేశీ ఉద్యమం రగులుతున్న సంవత్సరం. బయట విదేశీ బట్టలు కాలుతుంటే, చర్చిలో ఈయన విదేశీ డబ్బు మీద ఆధారపడడం ఆపాలంటున్నారు. నా దృష్టిలో ఇది కూడా కృతజ్ఞతే. ఇచ్చినవాడికి తిరిగి ఇవ్వలేకపోయినా, తాను పొందినదాన్ని ఇంకొకడికి ఇవ్వడం.

సొసైటీ పనిచేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాష్ట్రంలోని డోర్నకల్ ప్రాంతం. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. ఇతరుల్ని పంపి తాను ఆఫీసులో కూర్చోవడం అజరయ్యకి నచ్చలేదు. 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలేసి, పాస్టర్‌గా అభిషేకం తీసుకుని, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చేశారు. వయసు ముప్ఫై అయిదు. ఒక్క తెలుగు ముక్క రాదు. అప్పటికే దేశదేశాల సభల్లో మాట్లాడిన మనిషి, అ ఆ ల దగ్గర మొదలుపెట్టారు. అన్బు మరియమ్మాళ్ కూడా నేర్చుకున్నారు. పల్లెల్లో పంతుళ్ళుగా పనిచేసేవాళ్ళ భార్యలకి చదువు చెప్పడం తన పనిగా పెట్టుకున్నారు.

మరుసటి ఏడాది జూన్‌లో, అంటే 1910లో, స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు పన్నెండు వందల మంది ప్రతినిధులు. అందులో ఆసియావాళ్ళు ఇరవై మంది కూడా లేరు. ఒక సాయంత్రం అజరయ్యని మాట్లాడమన్నారు. విషయం, విదేశీ మిషనరీలూ స్థానిక సేవకులూ కలిసి పనిచేయడం ఎలా అని. ఇలాంటి చోట మనవాళ్ళెవరైనా ఏం మాట్లాడతారు? ఆహ్వానించినందుకు ధన్యవాదాలు, మీరు చేసిన మేలు మరువలేనిది, చప్పట్లు, కూర్చోవడం. సభ కూడా దానికే సిద్ధంగా ఉండి ఉంటుంది.

ఆయన అలా చెయ్యలేదు. ఇండియాలో మిషనరీలకీ, ఇండియన్ సేవకులకీ మధ్య ఉన్న దూరం గురించి నేరుగా చెప్పారు. ఏళ్ళ తరబడి ఒకే ఊళ్ళో పనిచేసినా ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళని సంగతి, కలిసి భోంచెయ్యని సంగతి, యజమానీ పనివాడూ లాగా ఉండే సంబంధం గురించి చెప్పారు. ఇందులో ఒక జాగ్రత్త కూడా ఉంది. కుర్చీ వెయ్యడం, షేక్‌హ్యాండ్ ఇవ్వడం, టీకి పిలవడం, వీటినే తాను అడగడం లేదని, వాటి వెనక ఉండాల్సిన మనసు గురించి మాట్లాడుతున్నానని స్పష్టం చేశారు.

ఇక చివర్లో కృతజ్ఞత చెప్పారు. చిన్నగా కాదు, చాలా పెద్ద మాటలతో. మిషనరీల వీరత్వానికి, త్యాగానికి భారతదేశపు సంఘం తరతరాలు సాక్ష్యం చెబుతుందని, వాళ్ళు తమ ఆస్తులూ తమ శరీరాలూ ధారపోశారని ఒప్పుకున్నారు. అది చెప్పిన వెంటనే ఇంకోటి అడిగారు. మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అన్నది దాని సారం.

ఇక్కడ బైబిలు చదవని మనలాంటివాళ్ళకి ఒక విషయం విడమరిచి చెప్పాలి. ఆస్తి ఇవ్వడం, ఒళ్ళు కాల్చుకోవడానికి ఇవ్వడం అనే మాటలు బైబిల్లో పౌలు ఒక సంఘానికి రాసిన ఉత్తరంలోవి. అక్కడ పౌలు చెప్పేది ఏమిటంటే, ఇవన్నీ ఇచ్చినా ప్రేమ లేకపోతే దానివల్ల లాభం ఏమీ లేదని. హాల్లో కూర్చున్న పన్నెండు వందల మందికీ ఆ మిగతా సగం కంఠతా వచ్చు. అజరయ్య దాన్ని నోటితో అనక్కర్లేకపోయింది. పొగడ్త పూర్తయ్యేలోపే వాళ్ళ మనసుల్లో ఆ వాక్యం పూర్తయిపోయి ఉంటుంది. కొందరు ఇబ్బందిగా కదిలారు. ఇండియాలో పనిచేసే కొందరు మిషనరీలకి బాగా నొప్పి తగిలింది. ఆ మహాసభలో జరిగిన ప్రసంగాల్లో చాలావాటిని లోకం మర్చిపోయింది. ముప్ఫై అయిదేళ్ళ ఈ తమిళ పాస్టర్ మాట్లాడింది మాత్రం నూరేళ్ళ తర్వాత కూడా క్రైస్తవ కాలేజీల్లో చదువుతున్నారు.

నాకు ఇది చదివినప్పుడల్లా యుద్ధకాండ మొదలు గుర్తొస్తుంది. హనుమంతుడు లంకకి వెళ్ళి సీతమ్మ జాడ తెలుసుకుని వస్తాడు. అంత పెద్ద ఉపకారానికి తగ్గ బహుమానం ఇవ్వడానికి ఆ అడవిలో రాముడి దగ్గర ఏమీ లేదు. అప్పుడు ఇవ్వగలిగింది ఒక్కటే ఉందని దగ్గరికి తీసుకుని కౌగిలించుకుంటాడు. రాజు సేవకుణ్ణి మెచ్చుకోవడం వేరు, కౌగిలించుకోవడం వేరు. మెచ్చుకోలు పైనుంచి కిందికి వస్తుంది, కౌగిలికి ఇద్దరూ ఒకే ఎత్తులో ఉండాలి. ఎడిన్‌బరోలో అజరయ్య అడిగింది నా లెక్కలో ఆ కౌగిలి గురించే. ఎడ్డీతో స్నేహం ఉంది కాబట్టి అది అసాధ్యం కాదని ఆయనకి తెలుసు. లేకపోతే ఆ మాటలు ఉత్త ఫిర్యాదుగా మిగిలిపోయేవి.

రెండేళ్ళకి, 1912 డిసెంబర్ 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. ఆయన్ని గట్టిగా సపోర్ట్ చేసింది మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషాయన. వద్దన్నవాళ్ళలో తెల్ల మిషనరీలూ ఉన్నారు, ఇండియన్ క్రైస్తవులూ ఉన్నారు. ఒక ఇండియన్ కింద ఇంగ్లీషువాళ్ళు పనిచెయ్యాలా అన్నది కొందరి బాధ. ఆ కులంవాడి కింద మేమా అన్నది ఇంకొందరి బాధ. రెండూ ఒకే జబ్బు. 1945లో ఆయన పోయేదాకా ఆంగ్లికన్ చర్చిలో సొంతంగా ఒక డయోసిస్‌ని నడిపిన భారతీయ బిషప్ ఇంకొకరు లేరంటే ఆ జబ్బు ఎంత ముదిరిందో చూడండి.

ఇప్పుడు డోర్నకల్ పల్లెలకి వద్దాం. అక్కడ సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. నిజాం కాలం, దొరల కాలం, వెట్టి కాలం. దొర గడీ ముందు చెప్పులు విడిచి నడవాలి. దొర ఏదైనా ఇస్తే, తిట్టినా కొట్టినా కూడా, నోట వచ్చే మాట ఒక్కటే. నీ బాంచన్ కాల్మొక్త. తెలంగాణ మూలాలున్న వాళ్ళెవరికీ దీన్ని వివరించక్కర్లేదు. సంస్థానాలు ఏలిన మన గద్వాల, వనపర్తి వైపు కూడా ముసలివాళ్ళని అడిగితే చెబుతారు. ఆ మాట భయమా, దండమా, థాంక్సా? మూడూ కలిసిపోయి, విడదీయడానికి వీల్లేకుండా అయిపోయిన మాట అది. అలాంటి చోట దేవుడికి కృతజ్ఞత చెప్పు అంటే ఆ కూలీకి ఏం అర్థమవుతుంది? ఇంకో పెద్ద దొర దొరికాడనే కదా.

అజరయ్య ఇక్కడ చేసిన పని నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. పేదవాళ్ళు కదా, పుచ్చుకోనివ్వండి అని ఆయన అనలేదు. ఇవ్వమన్నారు. వంట చేసే ముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టడం, పంట చేతికొచ్చాక కోత పండుగకి వడ్లు, కోళ్ళు, కూరగాయలు మోసుకొచ్చి సమర్పించడం, ఇలాంటి పద్ధతుల మీద ఆయనకి గురి ఎక్కువ. మన జాతరల్లో ఉండే ఊరేగింపులు, భజనలు, పాటలు వాటిలోనూ వచ్చి చేరాయి. విదేశీ హార్మోనియం ట్యూన్ల కంటే మన బాణీలే పల్లెలకి అందుతాయని ఆయన నమ్మకం. ఇవ్వడం గురించి క్రిస్టియన్ గివింగ్ పేరుతో ఒక పుస్తకమే రాశారు.

ఒక్కసారి ఆలోచించండి. తరతరాలుగా ఆ మనిషి దగ్గర అందరూ లాక్కున్నారు. దొర వెట్టి లాక్కున్నాడు, షావుకారు పంట లాక్కున్నాడు. దయ తలిస్తే ఏదో పడేశారు. లాక్కోవడానికీ పడెయ్యడానికీ మధ్య, తన ఇష్టంతో, తల ఎత్తుకుని, ఒక కోడిపుంజుని చంకలో పెట్టుకుని వచ్చి ఇదిగో నాది అని ఇచ్చే అనుభవం ఆ మనిషికి ఎప్పుడుంది? ఆ రోజు ఉంది. ఇచ్చే చెయ్యి ఉన్నవాడే నిజంగా థాంక్స్ చెప్పగలడు. లేనివాడు చెప్పేది దండం. ఆయన ఇన్ని మాటల్లో చెప్పారో లేదో కాదు, చేసినదాంట్లో నాకు కనిపించింది ఇదే.

మన టీమ్‌కి జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. రెండేళ్ళ కిందట చలికాలంలో ఒక సంస్థవాళ్ళు దుప్పట్లు పంచుతున్నాం, వీడియో తియ్యండి అని పిలిచారు. పేరు వద్దులెండి. వెళ్ళాం. ముసలివాళ్ళని లైన్లో నిలబెట్టారు. దుప్పటి చేతికి ఇచ్చేముందు ప్రతి ఒక్కరూ కెమెరా వైపు చూసి, దండం పెట్టి, సంస్థ పేరు చెప్పి థాంక్స్ చెప్పాలి. ఒక అవ్వకి ఆ పేరు నోరు తిరగలేదు. మూడు టేకులు తీయించారు. దుప్పటి అక్కడే, చేతికి అందేంత దూరంలో ఉంది. ఆ ఫుటేజ్ మా హార్డ్‌డిస్క్‌లో ఇప్పటికీ ఉంది, అప్‌లోడ్ చెయ్యలేదు, చెయ్యం. అది మన మతంవాళ్ళు చేశారా వేరేవాళ్ళు చేశారా అన్నది నేను చెప్పను. అలాంటివి అన్నిచోట్లా జరుగుతాయి. దుప్పటి మంచిదే, చలి నిజమే. మూడో టేకులో ఆ అవ్వ ముఖం చూశాకే నాకు ఎడిన్‌బరో ప్రసంగం సరిగ్గా అర్థమైంది.

ఇక ముందే మాట ఇచ్చినట్టు, పేచీ ఉన్న విషయం. మతం మార్పిడి. అజరయ్య దాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. తన విశ్వాసం పంచడం తన ధర్మం అనుకున్నారు. 1930ల నాటికి ఆయన డయోసిస్ కృష్ణా జిల్లా దాకా, తుంగభద్ర అవతల నంద్యాల వైపు దాకా విస్తరించింది, విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. గాంధీజీ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. తిండికీ స్కూలుకీ ఆశపడి గుంపులు గుంపులుగా మారడం మార్పు కాదన్నది గాంధీజీ వాదన. పేదవాడికి ఆకలి ఒక్కటే ఉంటుందా, ఆత్మ ఉండదా, తనకేం కావాలో ఎంచుకునే బుద్ధి ఉండదా అన్న దిక్కుగా అజరయ్య వాదన సాగింది. చిత్రం ఏమిటంటే, క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, అందరితో కలిసే ఓటు వెయ్యాలని చెప్పినవాళ్ళలో అజరయ్య ఒకరు. ఆ విషయంలో ఆయన, గాంధీజీ ఒకే పక్క.

నా అభిప్రాయం అడిగితే, సాయానికి మతాన్ని ముడిపెట్టడం నాకు నచ్చదు. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం పెట్టి పేరు మార్చుకోమనడం, కెమెరా ముందు థాంక్స్ చెప్పించడం కన్నా ఘోరం. అజరయ్య కూడా ఒప్పుకునేవారు కాదేమో, ఎందుకంటే విదేశీ డబ్బు సంఘాన్ని పాడుచేస్తుందని పోరాడింది ఆయనే. కానీ గాంధీజీ వైపు నిలబడేవాళ్ళం ఇంకో ప్రశ్నకి కూడా జవాబు చెప్పాలి. ఆ మాల, మాదిగ పల్లెలకి బడి, మందు, పలకరింపు మనం ఎందుకు తీసుకెళ్ళలేదు? గుళ్ళోకి రానివ్వని వాళ్ళం, వెళ్ళిపోయారని కోపం తెచ్చుకోవడం ఏం న్యాయం? ఆ ప్రశ్న గాంధీజీని కూడా తొలిచింది, హరిజన యాత్రలన్నీ దానికోసమే కదా.

అలాగని డోర్నకల్‌లో అంతా సాఫీ అనుకోకండి. చర్చిలోకి వచ్చాక కూడా మాల పల్లె వేరు, మాదిగ పల్లె వేరు. కలిసి కూర్చోవడానికి, కలిసి తినడానికి ఒప్పుకోనివాళ్ళు చాలామంది. తెల్లవాళ్ళని స్నేహం అడిగిన అజరయ్య, తనవాళ్ళ మధ్య స్నేహం కోసం అంతకన్నా ఎక్కువ అలిసిపోయారు. ఇది పూర్తిగా తీరిన సమస్య కాదని ఇవాళ్టి సంఘాలవాళ్ళే చెబుతారు. మనకీ తెలుసు, మన దగ్గరా తీరలేదు.

డోర్నకల్ కేథడ్రల్ గురించి చెప్పకపోతే ఆర్కిటెక్చర్ పిచ్చి ఉన్న మన సబ్‌స్క్రైబర్లు ఊరుకోరు. ఇంగ్లండ్‌లో ఉండే కోసు గోపురాల చర్చి కట్టించడం తేలిక, డ్రాయింగులు రెడీగా ఉంటాయి. ఆయన అది వద్దనుకున్నారు. దక్షిణాది గుళ్ళలో కనిపించేలాంటి రాతి స్తంభాలు, చెక్కిన తామరపువ్వులు, మసీదుల్లో ఉండేలాంటి గుమ్మటాలు, మినార్లు కలిపి కట్టించారు. డబ్బు చాలక పని ఆగుతూ సాగుతూ ఏళ్ళు పట్టింది. చివరికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆ తేదీ ఎపిఫనీ పండుగ, చర్చి పేరు కూడా అదే. తూర్పు దేశపు జ్ఞానులు కానుకలు పట్టుకుని బాలయేసుని చూడ్డానికి వచ్చిన రోజు అది. తూర్పువాళ్ళు ఖాళీ చేతులతో రాలేదు, కానుకలతో వచ్చారు అనే పండుగ పేరుని ఆ బిషప్ తన గుడికి పెట్టుకున్నారు.

చివరి ఏళ్ళలో ఆయన మనసంతా ఇంకో పని మీద ఉంది. ఇంగ్లీషువాళ్ళు, స్కాట్లండ్‌వాళ్ళు, అమెరికన్లు ఎవరి శాఖని వాళ్ళు తెచ్చి ఇక్కడ నాటారు. వాళ్ళ దేశాల గొడవలు మనకెందుకు, అన్నీ కలిసి ఒకటి కావాలని 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైన చర్చల్లో అజరయ్య పెద్దదిక్కు. పాతికేళ్ళకి పైగా కూర్చున్నారు, రాశారు, కొట్టేశారు, మళ్ళీ రాశారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూశారు. అక్కడే సమాధి. ఆయన కోరుకున్న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా 1947 సెప్టెంబర్ 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, మొదలైంది. మీ ఊళ్ళో సీఎస్ఐ చర్చి అని బోర్డు కనిపిస్తే అదే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాలు ఆ కలయికలో చేరలేదు, వాళ్ళ దారి వేరు. అయినా ఆ ఊళ్ళలో కృతజ్ఞత కూడిక జరిగే తీరులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. థాంక్స్ చెప్పే మనిషే ఆ రోజు భోజనం పెడతాడు. పిలిచినవాళ్ళు అతని ఇంటికి వస్తారు, అతని విస్తరిలో తింటారు. ఆస్పత్రికి సాయం చేసిన పెద్దమనిషి కూడా ఆ రోజు అతిథే. వనపర్తిలో ఒక పందిరి కింద టీచర్లు, మేస్త్రీలు, ఒక రిటైర్డ్ తహసీల్దారు, పక్కింటి మన హిందూ కుటుంబం ఒకే వరుసలో కూర్చుని పప్పుచారు కలుపుకోవడం నేను చూశాను. కెమెరా బయటికి తియ్యలేదు, ఆకు ముందు కూర్చున్నాక ఎవరు తీస్తారు చెప్పండి.

మీరు భద్రాచలం రాములవారి దర్శనానికి హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్తే, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం వైపు లైను అక్కడే చీలుతుంది. టైమ్ ఉంటే దిగి, ఆ రాతి స్తంభాలూ తామరపువ్వులూ చూసి రండి. తిరిగొచ్చాక ఫోటోలు పంపండి, మంచివి మన కమ్యూనిటీ పోస్ట్‌లో పెడతాం. వచ్చే వారం వీడియో సలేశ్వరం మీద. నల్లమలలో లోయలోకి దిగే దారి, నీళ్ళ బాటిళ్ళు ఎన్ని పట్టుకెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలని తీసుకెళ్ళొచ్చా లేదా అన్నీ అందులో చెబుతాను. ఉంటాను మరి.